అప్‌డేట్: మారుతి 800కు టర్బో బిగించాను

హనుమకొండలో నాన్నగారి పాత కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) మారుతి 800కు ఇంట్లోనే టర్బో, అంటే ఎగ్జాస్టు వేగంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం, పెట్టవచ్చా అని ఇక్కడ అడిగాను కదా. పెట్టాను. పొగ కూడా చూశాను.

మొదటి రోజే సైలెన్సర్ నుంచి నీలిపొగ. ఇంజనే పోయిందనుకుని రాత్రంతా నిద్ర లేదు. తీరా చూస్తే తప్పు నాదే. టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే గొట్టాన్ని సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ మట్టానికి కింద కలిపాను. ఆ ఆయిల్‌ను ఏ పంపూ లాగదు, వాలు మీద తనంతట తాను దిగాలి. దారి లేక సీళ్లు దాటి ఎగ్జాస్టులోకి పోయింది. గొట్టం పైకి మార్చగానే పొగ ఆగింది.

రెండో తలనొప్పి పెట్రోలు. కార్బురేటర్‌లోకి బూస్టు గాలి, అంటే టర్బో ఒత్తి పంపే గాలి, వస్తుంటే, పెట్రోలు అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో రావాలి. పాత మెకానికల్ పంపు చేతులెత్తేసింది. ఎలక్ట్రిక్ పంపు, బూస్టును బట్టి ఒత్తిడి పెంచే రెగ్యులేటర్ వేశాను. మీలో ఒకరు చెప్పినట్టు ఇగ్నిషన్ టైమింగ్ కాస్త వెనక్కి జరిపాక, అంటే స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా చేశాక, నాకింగ్ (ఇంజన్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలే టకటక చప్పుడు) తగ్గింది. 796 సీసీ ప్రాణం కదా, బూస్టు ఒత్తిడిని 0.3 బార్ దాటనివ్వడం లేదు.

రోడ్డెక్కించలేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. మామయ్య మామిడితోటలోనే నడుపుతున్నాను. నాన్నగారు ఒక్కటే అడిగారు: "మరి బ్రేకులు ఎప్పుడు మారుస్తావు?"