2 ఎకరాల 10 గుంటల ఎర్ర చల్క, ఒక్క బోరు: ఏది ఎంతలో పెట్టాలి?

దేవరకొండ_చల్క

నమస్తే అందరికీ. దేవరకొండ వైపు 2 ఎకరాల 10 గుంటల భూమి (ఎకరానికి 40 గుంటలు). ఎర్ర చల్క, పైమట్టి అడుగున్నర, దాని కింద మొరం (గులకరాళ్లు కలిసిన గట్టి నేల). ఇప్పటిదాకా పత్తి, సాళ్ల మధ్య కంది. బోరు ఒక్కటే, 5 హెచ్‌పీ మోటారు. వానాకాలం రెండించుల నీళ్లు పోస్తుంది, ఎండాకాలం ఆగి ఆగి పోస్తుంది. కంచె లేదు. రాత్రి అడవి పందులు, పగలు కోతులు. ఇంట్లో ఇద్దరం పనిచేస్తాం, కూలీలు దొరకడం కష్టం. పెట్టుబడి ఒక్కసారి పెట్టలేం, విడతల వారీగా పెట్టగలం.

ఒకరు శ్రీగంధం పెట్టి వదిలేయమంటున్నారు, ఒకరు మేకల షెడ్డు అంటున్నారు, ఇంకొకరు పందిరి కూరగాయలు అంటున్నారు. ఏది ఎన్ని గుంటల్లో, ఏ వరసలో పెట్టాలో లెక్కతో చెప్పగలరా?

పందిరి_సాగు

అన్నా, పంట సంగతి తర్వాత, ముందు బోరు కొలవండి. రెండించులు అన్నది పైపు మాట, నీళ్ల మాట కాదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. మోటారు వేయగానే కొలవొద్దు, అప్పుడు వచ్చేవి బోరులో నిలిచిన నీళ్లు. రెండు గంటలు నడిచాక కొలవాలి. డ్రమ్ము 100 సెకన్లకు నిండితే గంటకు 7,200 లీటర్లు. వానాకాలం లెక్క పనికిరాదు. మే నెలలో వచ్చే అంకెను బట్టే తోట ఎంత పెట్టాలో తేలుతుంది.

నిండా ఆకు కమ్మిన కూరగాయ తోట ఎండాకాలంలో రోజుకు సుమారు 6 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. అంటే డ్రిప్పు వేసినా ఎకరానికి రోజూ 24,000 లీటర్లు కావాలి. ఈ లెక్క వేసుకోకుండా రెండెకరాలూ పందిరి వేసినవాళ్ల తోటలు సరిగ్గా ధర ఉన్న ఏప్రిల్, మే నెలల్లోనే ఎండుతాయి.

బోరు ఆగి ఆగి పోస్తోందంటే ఊట కన్నా మోటారు ఎక్కువ తోడేస్తోందని అర్థం. గేటు వాల్వు కొంచెం కొంచెంగా మూసి, ధార సన్నబడినా తెగకుండా వచ్చే చోట ఆపండి. గాలి పీలుస్తూ నడిస్తే మోటారు కాలుతుంది. స్టార్టరులో డ్రై రన్ కట్టాఫ్ (నీళ్లు అందనప్పుడు మోటారును ఆపేది) పెట్టించండి.

శ్రీగంధం గురించి: అది వేరు ద్వారా పక్క మొక్క మీద ఆధారపడే చెట్టు. మొదట కంది, తర్వాత సరుగుడు లాంటివి పక్కన లేకపోతే గిడసబారిపోతుంది. కాబట్టి పెట్టి వదిలేసే పంట కాదు. చేవ పట్టడానికి పది పదిహేనేళ్లు, చేవ పట్టిన రోజు నుంచి దొంగల భయం. పొలంలో కాపురం లేనివాళ్లకు, రెండెకరాలే ఉన్నవాళ్లకు నేనైతే వద్దంటాను.

మందకాపరి

మేకలు మంచివే, కానీ షెడ్డుతో మొదలుపెడితే మునుగుతారు. మేతతో మొదలుపెట్టాలి. కట్టేసి మేపే పెద్ద మేకకు రోజుకు 4 కిలోల పచ్చిమేత, కొంత ఎండుమేత, 200–250 గ్రాముల దాణా పడుతుంది. పది మేకలంటే రోజుకు 40 కిలోల పచ్చిమేత. అది కొని వేస్తే ఏమీ మిగలదు.

నేపియర్ గడ్డి ఒక్కటే నమ్ముకోవద్దు, దానికి నీళ్లు ఎక్కువ. దశరథ గడ్డి, గట్ల మీద అవిశె, సుబాబుల్ కలపండి. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు, దాటితే వెంట్రుకలు రాలతాయి, చూలు నిలవదు. ఎండకు గిడసబారిన లేత జొన్న, నరికాక మళ్లీ చిగురించిన జొన్న పిలకలు అస్సలు వేయొద్దు. వాటిలో సైనైడ్ విషం ఉంటుంది, కడుపు నిండా తింటే గంటల్లో పడిపోతాయి.

తొలకరి పడ్డాక లేత పచ్చిక మీదకు ఆకలితో వదిలితే చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం బాగానే ఉన్న పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, అదీ మందలో బాగా బలిసిన పిల్ల. వానలకు ముందే, మే నెలలో టీకా వేయించాలి. తొలి పది రోజులు ఎండుగడ్డి తినిపించాకే బయటికి వదలాలి. పారుడు రోగానికి టీకా వేరు, అది కూడా తప్పదు. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నట్టల మందు (కడుపులో పురుగులకు).

నా మాట: మొదటి ఏడాది మేత చెట్లు పెంచండి, రెండో ఏడు ఐదు ఆడమేకలతో మొదలుపెట్టండి.

దేవరకొండ_చల్క

పొద్దున కొలిచాం. రెండు గంటలు నడిచాక డ్రమ్ము 160 సెకన్లకు నిండింది. నాలుగు గంటలు దాటితే గాలి వస్తోంది. ఇది మే నెల లెక్కే.

పందిరి_సాగు

200 లీటర్లు 160 సెకన్లకు, అంటే గంటకు 4,500 లీటర్లు. నాలుగు గంటలకు 18,000. మీ తోటకు పై హద్దు ఇదే.

20 గుంటల పందిరికి 12,000 లీటర్లు. 4 గుంటల ఆకుకూరకు 2,400. సీతాఫలం లాంటి చెట్లు 200 పెట్టి, తొలి రెండు ఎండాకాలాలు రెండు రోజులకోసారి మొక్కకు 10 లీటర్లు ఇస్తే రోజుకు 1,000. మొత్తం 15,400. మిగిలిన 2,600 అలాగే ఉండనివ్వండి, ఏదో ఒక రోజు కరెంటు పోతుంది, ఏదో ఒక ఏడు వాన తగ్గుతుంది. 10 గుంటల నేపియర్‌కే రోజుకు 6,000 లీటర్లు కావాలి కాబట్టి అది ఈ బోరు కింద కుదరదు. మందకాపరి గారు చెప్పిన గట్టు మీది అవిశె, సుబాబుల్ కుదురుతాయి.

ఇక పందిరి. 20 గుంటలంటే దాదాపు 45 మీటర్ల చదరం. 5 మీటర్లకొకటి చొప్పున పదింట పది, మొత్తం 100 రాతి కడీలు (స్తంభాలు). 9 అడుగుల కడీ, 2 అడుగులు భూమిలోకి. చుట్టూ, పెద్ద వరసలకు 8 గేజి జీఐ తీగ, అడ్డంగా 10–12 గేజి, పైన అల్లికకు సన్న తీగ.

పందిర్లు కూలేది నడిమి కడీల దగ్గర కాదు. మే నెలలో గాలిదుమారం, దానికి తోడు వాన, నిండా కాసిన తీగ బరువు, ఈ మూడూ కలిసినప్పుడు చుట్టు వరస కడీలు లోపలికి ఒరుగుతాయి. తర్వాత తీగ వదులై పందిరి మొత్తం కుంగుతుంది. అందుకే చుట్టూ ఉన్న 36 కడీలను బయటికి వాల్చి పాతాలి. ఒక్కోదానికి మూడడుగుల లోతున ఒక బండరాయి పూడ్చి, దానికి కడీ తలను తీగతో బిగించాలి. మూలల్లోని నాలుగింటికి రెండేసి వైపుల నుంచి. మీకు అడుగున్నర కిందే మొరం వస్తుంది కాబట్టి గుంతలు తవ్వడం కష్టమే, కానీ పట్టు బాగుంటుంది.

తీగలు: సగం బీర, సగం కాకర, రెంటికీ నడుమ పదిహేను ఇరవై రోజుల తేడా. ఒకేసారి విత్తితే ఒకేసారి కాపు, ఇద్దరితో కోత సాగదు. తీగ పందిరికి అందేదాకా పక్క పిలకలు గిల్లుతూ ఒక్క కాండమే పురికొస మీద పాకించండి. రెండు నుంచి నాలుగు ఆకులున్నప్పుడు లీటరు నీటికి 3–4 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి. బూడిద తెగులు వచ్చిందని గంధకం చల్లొద్దు, పాదు జాతి ఆకులు మాడిపోతాయి.

ఇంకొక్కటి, ఇది చాలామంది పట్టించుకోరు. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, కాకరపువ్వు తెల్లవారుజామున. బీర మీద సాయంత్రం మందు కొడితే తేనెటీగలు రావు, పిందె పసుపు పడి రాలుతుంది. బీరకు పొద్దున, కాకరకు సాయంత్రం కొట్టండి.

దేవరకొండ_చల్క

చాలా థాంక్స్ అన్నా. పండు ఈగకు మామిడి తోటలో వాడిన లింగాకర్షక బుట్టలు (మగ ఈగలను వాసనతో రప్పించి పట్టేవి) మా బంధువుల దగ్గర పది ఉన్నాయి. అవి తెచ్చి కట్టమంటారా?

పందిరి_సాగు

బుట్టలు తెచ్చుకోండి, లోపలి బిళ్ల మార్చండి. మామిడి, జామ ఈగకు మిథైల్ యూజినాల్. బీర, కాకర, దొండలను పాడుచేసే ఈగ వేరు, దానికి క్యూ లూర్ బిళ్ల కావాలి. మామిడి బిళ్ల పెడితే బుట్ట నిండా ఈగలు పడతాయి, కాయలు మాత్రం పుచ్చుతూనే ఉంటాయి. 20 గుంటలకు ఐదారు బుట్టలు, తీగ అల్లుకున్న ఎత్తులోనే కట్టాలి. వంకర తిరిగిన కాయ, రాలిన కాయ ఏరోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. గట్టు మీద పారేస్తే అందులోని పురుగు మట్టిలో దిగి మళ్లీ ఈగై వస్తుంది.

అనంత_సేద్యం

అనంతపురం వైపు నుంచి రాస్తున్నా, మా లెక్క సెంట్లలో ఉంటుంది, మీకోసం గుంటల్లో చెబుతా. పందిరి, ఆకుకూర పోను కంచెకు, దారికి, మేకలకు 16 గుంటలు తీసేస్తే 50 గుంటలు మిగులుతాయి. అక్కడ సీతాఫలం పెట్టండి. మీ పాలమూరు పక్కనుండే బాలానగర్ రకమే, అంటు మొక్కలు. 5 మీటర్ల చదరంలో ఎకరానికి 160, అంటే 50 గుంటలకు 200 మొక్కలు. మేకలు ఆ ఆకు ముట్టవు, అది మీకు పెద్ద లాభం.

గుంతలు ఇప్పుడే, మేలోనే తవ్వి ఎండకు వదలండి. రెండడుగుల చదరం, రెండడుగుల లోతు. మొరం తగిలిన చోట గడ్డపారతో ఇంకో అడుగు పగలగొట్టండి, లేకపోతే గుంత కుండలా నీళ్లు పట్టి వేరు కుళ్లుతుంది. పైమట్టిలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేప పిండి, అర కిలో సూపర్ ఫాస్ఫేటు కలిపి నింపాలి. జూలైలో రెండు మంచి వానలు పడ్డాక నాటండి. అంటు కట్టిన ముడి నేలకు జానెడు పైన ఉండాలి. ముడి కింద వచ్చే చిగుళ్లు తీసేస్తూ ఉండండి, వదిలితే అంటు చచ్చి నాటు చెట్టు మిగులుతుంది.

మూడేళ్లు సాళ్ల మధ్య పెసర, కంది వేసుకోవచ్చు. పత్తి వద్దు, దాని మీది పిండినల్లి (తెల్లని పిండిలాంటి పురుగు) సీతాఫలానికి ఎక్కుతుంది. పిండినల్లిని చెట్టెక్కించేది చీమలు. కాయ దశలో మొదలు చుట్టూ జానెడు వెడల్పు పాలిథిన్ పట్టీ చుట్టి దాని మీద గ్రీజు పూస్తే చీమ ఆగుతుంది. గ్రీజు నేరుగా బెరడుకు పూయొద్దు.

కోత దగ్గరే డబ్బు పోతుంది. కాయ కళ్ల మధ్య గాడి వెడల్పై, ఆకుపచ్చ పోయి లేత పసుపు తెలుపు తిరిగినప్పుడు, కాయ గట్టిగా ఉండగానే కోయాలి. అప్పుడు కోసినది మూడు రోజుల్లో మెత్తబడుతుంది, సంతకు చేర్చడానికి అంతే గడువు. గాడి విచ్చకముందే కోస్తే పండదు, నల్లబడి రాయిలా ఉండిపోతుంది. చెట్టు మీద మాగనిస్తే కోతుల పాలు. ఆగస్టు చివర నుంచి రెండు రోజులకోసారి తోట మొత్తం తిరగాల్సిందే.

మందకాపరి

కంచె సంగతి ఎవరూ రాయలేదు. మీ భూమి చదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత సుమారు 1,250 అడుగులు. మూడడుగులకొకటి వాక్కాయ మొక్క పెడితే 415 పడతాయి. మూడేళ్లకు గోడలా అల్లుకుంటుంది, కాయలు పచ్చడికి, పప్పులోకి అమ్ముడుపోతాయి. అప్పటిదాకా కడీలు, ముళ్లతీగ. పంది దూకదు, కిందనుంచి మూతితో ఎత్తి దూరుతుంది. అందుకే అడుగు తీగ నేలకు ఆరంగుళాల్లోపు, దాని పైది ఇంకో ఆరంగుళాలకు ఉండాలి. పై తీగలు కాస్త దూరంగా ఉన్నా పర్వాలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: లైను నుంచి నేరుగా కంచెకు కరెంటు ఇవ్వొద్దు. అది నేరం, రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషి ప్రాణం పోతుంది. సోలార్ కంచె యంత్రం క్షణకాలం దెబ్బ కొట్టి వదిలేస్తుంది, అది వేరు. పెడితే అదే పెట్టండి, తీగకు తగిలే గడ్డి కోస్తూ ఉండండి, గడ్డి తగిలితే దెబ్బ భూమిలోకి పోతుంది.

దేవరకొండ_చల్క

అందరికీ దండాలు. ఈ నెలలో గుంతలు, జూలైలో సీతాఫలం, వాక్కాయ, గట్ల మీద అవిశె. వానాకాలం పందిరి స్థలంలో పెసర వేసి, అక్టోబరు నుంచి కడీలు పాతి జనవరిలో విత్తుదామనుకుంటున్నాం. బోరు నీళ్లకు బకెట్టులో తెల్లటి పొర కడుతుంది. డ్రిప్పుకు ఇబ్బందా?

పందిరి_సాగు

వరస బాగుంది. తెల్ల పొర అంటే సున్నం, అది డ్రిప్పరు కంట్లో పేరుకుంటుంది. పందిరికి 16 మిల్లీమీటర్ల ఇన్‌లైను పైపు (డ్రిప్పర్లు లోపలే ఉండేది) వేస్తారు కాబట్టి విప్పి తుడిచే వీలుండదు, యాసిడ్ పంపాల్సిందే. వెంచురీ (డ్రిప్పు పైపులోకి మందు పీల్చే పరికరం) ద్వారా హైడ్రోక్లోరిక్ యాసిడ్, పైపు చివర వచ్చే నీళ్లు పీహెచ్ కాగితం మీద 4 చూపించేదాకా పంపి, మోటారు ఆపి, ఒక రోజు నిలవుంచండి. మర్నాడు చివరి మూతలన్నీ తీసి, తెల్లటి మడ్డి పోయి తేటనీరు వచ్చేదాకా వదలండి. డబ్బాలో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. తిరగేసి పోస్తే ముఖం మీదకు చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ఈ పని ముట్టొద్దు.

వేసే ముందే ఒక సీసాడు బోరు నీళ్లు, అడుగు లోతు వరకు తీసిన అర కిలో మట్టి పరీక్షకు ఇవ్వండి. మట్టిలో కూడా సున్నం ఎక్కువుంటే కాకర లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా మారతాయి. దానికి యూరియా వేయొద్దు, అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం తేడాతో రెండుసార్లు ఆకుల మీద చల్లండి.