కారు కంపెనీ రాజీకి రమ్మంటోంది, ఒప్పుకోవాలా?

మాది తిరుపతి. 2022లో 11 లక్షలు పెట్టి ఆటోమేటిక్ గేర్ల కారు కొన్నాను. మరుసటి ఏడాది తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా రెండుసార్లు గేరు పట్టు తప్పి బండి వెనక్కి జారింది. రెండోసారి వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆ రోజు నుంచి ఆమె ఆ కారు ఎక్కలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు మూడుసార్లు చూసి లోపమేమీ లేదన్నారు. దాంతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను.

ఇప్పుడు కంపెనీ వకీలు 2,40,000 రూపాయలు, కొత్త గేర్‌బాక్స్ ఇస్తామంటున్నారు. డబ్బు కంటే ఒక షరతు నన్ను భయపెడుతోంది: ఈ లోపం వల్ల ఇకపై ఏం జరిగినా క్లెయిమ్ చేయకూడదట, ఎవరికీ చెప్పకూడదట. రేపు అదే ఘాట్‌లో ప్రమాదం జరిగితే మా గతి ఏమిటి?

గెలిచినా వాళ్లు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. అందుకు జిల్లా కమిషన్ చెల్లించమన్న సొమ్ములో సగం ముందుగా జమ చేయాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. అయినా ఏళ్లు గడుస్తాయేమో.

ఇలాంటి రాజీపత్రంపై సంతకం చేసినవాళ్లు ఉన్నారా? ఆ షరతు తీసేయమని పట్టుబట్టవచ్చా? కమిషన్ ద్వారానే మధ్యవర్తిత్వం అడగడం మేలా? సోమవారంలోగా జవాబివ్వాలి. దయచేసి చెప్పండి.