లాత్వియా జాతీయ కళ అసలు ఎవరితో మొదలైంది?

కృష్ణాతీరం:
లాత్వియా రాజధాని రీగాలో చదువుకుంటున్న మా చెల్లి అక్కడి జాతీయ కళా మ్యూజియంలో తీసిన ఫొటోలు పంపింది. యానిస్ రోజెంటాల్స్ 1894లో వేసిన ‘చర్చి నుంచి’ చూశాక నాకు సందేహం లేదు, లాత్వియా ఆధునిక జాతీయ కళకి మొదలు ఇదే. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పట్టా కోసం వేసిన బొమ్మ. అందులో ఆయన చూపించింది మన ఎదురుగా నడిచొస్తున్న పల్లె జనాన్ని. అప్పట్లో రాజ్యం రష్యా జారు చక్రవర్తిది, భూములూ పెత్తనమూ బాల్టిక్ జర్మన్లవి. అలాంటి రోజుల్లో తన ఊళ్ళవాళ్ళని అంత పెద్ద బొమ్మకెక్కించడం చిన్న విషయం కాదండీ.

కుంచె:
రైతుని వేస్తే జాతీయ కళ అయిపోతుందా? గీసిన తీరంతా పీటర్స్‌బర్గ్ బడిదే కదా. నా లెక్కలో మొదలు 1920లో ఏర్పడిన రీగా కళాకారుల బృందం. 1915లో జర్మన్ సైన్యం పశ్చిమ లాత్వియాలోని కుర్జెమె మీద పడితే లక్షల మంది ఇళ్ళొదిలి పోయారు. ఆ బృందంలోని యేకబ్స్ కజాక్స్ 1917లో వేసిన ‘కాందిశీకులు’ చూడండి. చెక్కతో చెక్కినట్టుండే ముఖాలు, కన్నీళ్ళు లేవు, ఆర్భాటం లేదు. ఆకారాల్ని ముక్కలు చేసి చూపే క్యూబిజం శైలి పారిస్‌దే, కానీ చెప్పిన బాధ వాళ్ళది. కజాక్స్, ఆయన తోటి చిత్రకారుడు గ్రోస్‌వాల్డ్స్ ఇద్దరూ ముప్పై దాటకుండానే 1920లో పోయారు.

నీలిమ_వైజాగ్:
ప్రకృతి దృశ్యాలు వేసిన పుర్వీటిస్‌ని ఒక్కరూ తలవరేం? ఆ కరిగే మంచు, వసంతంలో పొంగే నీళ్ళు... లాత్వియా కళా అకాడమీకి మొదటి రెక్టర్ కూడా ఆయనే.

కృష్ణాతీరం:
మంచు రష్యాలోనూ కురుస్తుంది, ఫిన్లాండ్‌లోనూ కురుస్తుంది. దాంట్లో జాతీయత ఏముందండీ?

నీలిమ_వైజాగ్:
కురిసే మంచు వేరు, మార్చిలో బురదతో కలిసి నల్లబడే మంచు వేరు. ఆయన వేసింది ఆ రెండోదాన్ని. ఒకసారి దగ్గర నుంచి చూడండి.

కృష్ణాతీరం:
చూశాను. మంచు మంచే.
కుంచె గారూ, మీ బృందంలో అలెక్సాండ్రా బెల్త్సోవా కూడా ఉంది. ఆవిడ పుట్టింది రష్యాలోని సురాజ్‌లో, లాత్వియన్ కాదు. మరి అది జాతీయ కళ ఎలా అవుతుంది?

పాతబస్తీ_పాషా:
ఆమె రష్యాలోని పెన్జాలో చదివేటప్పుడే కజాక్స్‌తోటి పరిచయమైంది అన్నా. తర్వాత లాత్వియా చిత్రకారుడు రోమాన్స్ సూటాను పెళ్లి చేసుకుని రీగాలనే బతికింది.

కుంచె:
అదీ సంగతి! పుట్టుక అడుగుతున్నారన్నమాట. నేను పుట్టింది బరంపురంలో. ఒక చిత్రలేఖనం పోటీలో నా బొమ్మ చివరిదాకా వచ్చాక ‘ఈయన ఒడిశావాడు, తెలుగు చిత్రకారుల కింద ఎలా పెడతాం’ అని నా ముందే అన్నారు. ఇంట్లో మా అమ్మతో మాట్లాడేది తెలుగే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. బెల్త్సోవా 1919లో రీగా వచ్చి, 1981లో పోయేదాకా అక్కడివారే. సూటాతో కలిసి 1924లో బాల్టార్స్ పింగాణీ కార్ఖానా పెట్టారు, మరుసటి ఏడాదే, 1925 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకాలు తెచ్చారు. ఆ పళ్ళేల మీద ఉన్నది లాత్వియా పల్లె జీవితమే. ఇంకేం చేయాలి ఆవిడ?

కృష్ణాతీరం:
మీకు జరిగింది అన్యాయం, కాదనను. నేను అడిగేది వేరు. ఏడు వందల ఏళ్ళు పరాయి భూస్వాముల కింద బతికిన జనం, మొదటిసారి తమ చేత్తో తమ ముఖం వేసుకుంటే దాని బరువే వేరు. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎంత గొప్పగా వేసినా ఆ బరువు రాదు. జర్మన్లు కూడా వీళ్ళ బొమ్మలు వేశారు, తమ కళ్ళతో.

కుంచె:
జర్మన్ దొర పైనుంచి చూసి వేశాడు. బెల్త్సోవా అదే రొట్టె తిని, అదే చలిలో పక్కన కూర్చుని వేసింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారా?

నీలిమ_వైజాగ్:
గుస్తావ్స్ క్లూత్సిస్ సంగతేంటి మరి? పుట్టింది లాత్వియాలో, పనంతా మాస్కోలో, సోవియట్ పోస్టర్లు. 1938లో స్టాలిన్ మనుషులు కాల్చేశారు, లాత్వియన్ అని ముద్ర వేసి.

కృష్ణాతీరం:
క్లూత్సిస్ లాత్వియన్. ఆయన పోస్టర్లు మాత్రం లాత్వియా కళ కాదు.

కుంచె:
అంటే పుట్టుక ఒక్కటే చాలదని మీరే ఒప్పుకున్నారు. ఇక బెల్త్సోవాని ఏ కారణంతో పక్కన పెడతారో అది చెప్పండి.