ప్రోటెల్ 99 ఎస్‌ఈ, విండోస్ 11: లైబ్రరీ యాడ్ చేస్తే ‘ఫైల్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్’ అంటోంది

పాతకార్డు:
స్పిన్నింగ్ మిల్లు మెషీన్ కంట్రోల్ కార్డు ఒకటుంది. 2 లేయర్లు, 100 × 160 మి.మీ. సైజు. స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ), బోర్డు, వాడిన లైబ్రరీలు (భాగాల గుర్తులు, ప్యాడ్ అమరికలు ఉండే ఫైళ్లు) అన్నీ సర్క్యూట్ బోర్డులు గీసే పాత సాఫ్ట్‌వేర్ ప్రోటెల్ 99 ఎస్‌ఈలో చేసిన ఒకే డీడీబీ (డిజైన్ డేటాబేస్) ఫైల్లో ఉన్నాయి. అందులో ఉన్న రిలే ఇప్పుడు దొరకట్లేదు. దాని బదులు వేరే పిన్ అమరిక ఉన్న రిలే పెట్టి, గెర్బర్లు (బోర్డు తయారీకి ఒక్కో పొర బొమ్మ ఉండే ఫైళ్లు) తీసి, చర్లపల్లిలో 10 బోర్డులు చేయించాలి. పని అంతే.

సిస్టమ్ విండోస్ 11. సర్వీస్ ప్యాక్ 6తో సహా ఇన్‌స్టాల్ అయింది, డీడీబీ కూడా తెరుచుకుంటోంది. ఇబ్బందులు ఇవి: స్కీమాటిక్‌లో గానీ పీసీబీలో గానీ యాడ్/రిమూవ్ నొక్కి లైబ్రరీ ఎంచుకుంటే ‘ఫైల్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్’ అని వస్తోంది. డైలాగ్ బాక్సుల్లో అక్షరాలు సగానికి తెగిపోతున్నాయి. కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 పెట్టినా తేడా లేదు. డీఈపీ (విండోస్‌లోని మెమరీ రక్షణ) నుంచి మినహాయించమని ఒకచోట రాశారు, అదీ చేశాను. ఇంకేం చూడాలి?

నెట్‌లిస్ట్:
కంపాటిబిలిటీ మోడ్‌తో ఈ సమస్య పోదండి. తలనొప్పికి తలగడ మార్చినట్టే. ఈ ఎర్రర్ విండోస్ 7 నుంచీ ఉన్నదే. ఆ యాడ్ బటన్ జోలికి పోకుండా, లైబ్రరీల జాబితాను చేత్తో రాసేయాలి.

ముందు ప్రోటెల్ పూర్తిగా మూసేయండి. తెరిచి ఉండగా మార్చితే, మూసేటప్పుడు తన పాత జాబితానే మళ్లీ రాసేస్తుంది. తర్వాత నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ ఫోల్డర్లో పేరు చివర 99ఎస్ఈ అని ఉండే ఐఎన్ఐ (సెట్టింగులు రాసి ఉండే) ఫైళ్లు వెతకండి. పేరులో ఎస్‌సీహెచ్ ఉన్నది స్కీమాటిక్‌ది, పీసీబీ ఉన్నది బోర్డుది. రెండింటికీ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

స్కీమాటిక్ ఫైల్లో ‘చేంజ్ లైబ్రరీ ఫైల్ లిస్ట్’ అనే సెక్షన్ ఉంటుంది. అందులో ‘ఫైల్0’ ఎదురుగా మిసలేనియస్ డివైసెస్ డీడీబీ పూర్తి పాత్ కనిపిస్తుంది. దాని కింద ఫైల్1, ఫైల్2 అంటూ మీకు కావలసిన లైబ్రరీల పాత్‌లు రాయండి. అదే సెక్షన్లో ‘కౌంట్’ అనే లైన్ ఉంది చూశారా, చాలామంది దాన్ని మర్చిపోతారు. నంబర్లు సున్నాతో మొదలవుతాయి కాబట్టి ఫైల్2 దాకా రాస్తే కౌంట్ 3 అవ్వాలి. 2 అని వదిలేస్తే మూడోది కనిపించదు, ఎర్రరూ రాదు. పక్కనే ఉన్న ‘టైప్‌కౌంట్’ వేరు, దాన్ని కదపకండి.

పీసీబీ ఫైల్లో కూడా పద్ధతి అదే. జెనరిక్ ఫుట్‌ప్రింట్స్ ఫోల్డర్లోని డీడీబీ పాత్ ఏ లైన్లో ఉందో వెతికితే, కొత్తవి ఎక్కడ చేర్చాలో తెలిసిపోతుంది.

అక్షరాలు తెగడానికి: ఫైల్ మెనూకి ఎడమవైపు చిన్న బాణం గుర్తు ఉంటుంది, అందులో ప్రిఫరెన్సెస్. ‘యూజ్ క్లయింట్ సిస్టమ్ ఫాంట్ ఫర్ ఆల్ డైలాగ్స్’ అన్న దానికి టిక్ తీసేయండి. ఇంకా మసకగా, ఇరుగ్గా ఉంటే క్లయింట్99ఎస్ఈ ఈఎక్స్ఈ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్‌కి వెళ్లి, స్కేలింగ్ ఓవర్‌రైడ్‌ను ‘సిస్టమ్’ చేయండి.

డీఈపీ సంగతి: మామూలు విండోస్‌లో అది ముఖ్యమైన సిస్టమ్ ప్రోగ్రాములకే వర్తించేలా ఉంటుంది. ఎవరో ‘అన్ని ప్రోగ్రాములకూ’ అని మార్చి ఉంటే తప్ప ప్రోటెల్‌కి దానితో పేచీ రాదు. యథాస్థితికి పెట్టేయండి.

పాతకార్డు:
ఫాంట్ సరిపోయింది, థ్యాంక్స్ అండి. ఐఎన్ఐ రెండూ మార్చాను, కౌంట్ కూడా. విచిత్రం ఏంటంటే ప్రోటెల్‌ని రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే కొత్త లైబ్రరీలు కనిపిస్తున్నాయి. మామూలుగా తెరిస్తే పాత జాబితానే. పోనీ ఎప్పుడూ అడ్మిన్‌గానే తెరుద్దామంటే, ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైల్ లాగి వదిలితే తీసుకోవట్లేదు. ఆఫీసు సర్వర్ డ్రైవ్ కూడా మాయమవుతోంది.

రాగితీగ:
ఇది ప్రోటెల్ లోపం కాదు, విండోస్ చేసే దారిమళ్లింపు. 99 ఎస్‌ఈ లాంటి పాత 32 బిట్ ప్రోగ్రాములు విండోస్ ఫోల్డర్లోనో ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనో రాయబోతే, మామూలు యూజర్‌కి ఆ హక్కు ఉండదు. ప్రోగ్రామ్ అక్కడే పడిపోకుండా విండోస్ ఆ ఫైల్ కాపీని మీ యూజర్ ప్రొఫైల్లో పెట్టి, అక్కడ రాయనిస్తుంది. ఆ తర్వాత చదవడం కూడా ఆ కాపీ నుంచే. మీరు నోట్‌ప్యాడ్‌లో మార్చింది అసలు ఫైల్, ప్రోటెల్ చదువుతున్నది కాపీ. అడ్మిన్‌గా తెరిస్తే ఈ మళ్లింపు ఉండదు కాబట్టి అసలు ఫైలే చదువుతోంది.

కాపీ ఉండే చోటు: మీ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్, అందులో విండోస్. యాప్‌డేటా దాగి ఉంటుంది, హిడెన్ ఐటమ్స్ చూపించమని పెట్టుకోండి.

శాశ్వతంగా సర్దాలంటే, ప్రోటెల్ మూసి, వర్చువల్‌స్టోర్‌లోని ఆ ఐఎన్ఐ కాపీలను వేరేచోటికి తరలించండి. అసలు ఐఎన్ఐ ఫైళ్ల ప్రాపర్టీస్, సెక్యూరిటీలో మీ యూజర్‌కి ‘మాడిఫై’ హక్కు ఇవ్వండి. ఆ ఫైళ్లకు మాత్రమే, విండోస్ ఫోల్డర్ మొత్తానికి పొరపాటున కూడా వద్దు. రాసే హక్కు ఉంటే మళ్లింపు జరగదు. ఇక అడ్మిన్ మోడ్ అక్కర్లేదు. అడ్మిన్‌గా నడిచే ప్రోగ్రామ్‌లోకి మామూలు ఎక్స్‌ప్లోరర్ నుంచి డ్రాగ్ చేయనివ్వకపోవడం, మ్యాప్ చేసిన డ్రైవ్‌లు కనబడకపోవడం విండోస్ భద్రతా పద్ధతే. వాటిని విడిగా సరిచేయాల్సిన పని లేదు.

ఇంకో మాట. ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్న లైబ్రరీని ఎప్పుడైనా ఎడిట్ చేసి సేవ్ చేసి ఉంటే, ఆ మార్పులు కూడా వర్చువల్‌స్టోర్‌లోనే ఉంటాయి. కంప్యూటర్ మార్చినప్పుడు ప్రోటెల్ ఫోల్డర్ కాపీ చేసుకుని, కొత్త ఫుట్‌ప్రింట్లు (బోర్డు మీద భాగం కూర్చునే ప్యాడ్‌ల అమరికలు) ఏవీ అని వెతుక్కునేది ఇందుకే. సొంత లైబ్రరీలను సి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసుకుని, చిన్న పేరుతో అక్కడ ఉంచండి.

పొడిటంకం:
ఒక్క రిలే కోసం ఇంత అవసరమా? కొత్త ఫుట్‌ప్రింట్ ఉన్న లైబ్రరీ డీడీబీని డిజైన్ ఎక్స్‌ప్లోరర్‌లో మామూలుగా ఓపెన్ చేయండి. బోర్డు ఫైల్ కూడా తెరిచి ఉంచుకుని, ఫుట్‌ప్రింట్ ఎడిటర్ ప్యానెల్లో ‘ప్లేస్’ నొక్కితే అది నేరుగా బోర్డు మీదికి వస్తుంది. స్కీమాటిక్ లైబ్రరీ ఎడిటర్లోనూ ప్లేస్ బటన్ ఉంది. యాడ్/రిమూవ్ ఊసే ఉండదు.

కాకపోతే ఇలా పెట్టిన రిలేకి డెసిగ్నేటర్ (భాగం పేరు), ప్యాడ్ నెట్లు (ఏ ప్యాడ్ ఏ కనెక్షన్‌దో) మీరే ఇవ్వాలి. స్కీమాటిక్ నుంచి అప్‌డేట్ చేసేటప్పుడు ఫుట్‌ప్రింట్ దానంతట అది రావాలంటే మాత్రం లైబ్రరీ జాబితాలో ఉండాల్సిందే.

డీడీబీ విషయంలో కూడా జాగ్రత్త. అది లోపల మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్. తెరవగానే పక్కన ఎల్‌డీబీ అనే లాక్ ఫైల్ పుడుతుంది. వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్లో, సర్వర్ మీద, సీడీ నుంచి తెచ్చి రీడ్ ఓన్లీ గుర్తు తీయకుండా తెరవకండి. సగం రాసిన డేటాబేస్‌ని సింక్ పైకి పంపితే రేపు అది తెరుచుకోదు. లోకల్ డిస్క్‌కి కాపీ చేసుకుని పని చేయండి, అయ్యాక మూసి మళ్లీ సర్వర్‌లో పెట్టండి. డిలీట్ చేసినా ఫైల్ సైజు తగ్గదు, పెరుగుతూనే పోతుంది. బాణం మెనూలో డిజైన్ యుటిలిటీస్ తెరిస్తే కాంపాక్ట్, రిపేర్ రెండూ ఉన్నాయి. రిపేర్‌ని కాపీ మీదే ప్రయత్నించండి.

పాతకార్డు:
వర్చువల్‌స్టోర్ కాపీలు తీసేసి మాడిఫై హక్కు ఇచ్చాక అంతా కుదిరింది. రిలే మార్చి, పాలిగన్లు (రాగి నింపిన ప్రాంతాలు) మళ్లీ పోయించి, డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) కూడా శుభ్రంగా వచ్చింది.

ఇప్పుడు కొత్త చిక్కు. గెర్బర్లు, డ్రిల్ కలిపి వ్యూయర్‌లో చూస్తే రంధ్రాలు ప్యాడ్‌ల మీద పడట్లేదు, అన్నీ ఒకే దిక్కుకి జరిగాయి. కొత్త రిలే ప్యాడ్‌లు కూడా ఉండాల్సిన చోటు నుంచి వెంట్రుకవాసి పక్కకు కనిపిస్తున్నాయి.

రాగితీగ:
అవి రెండు వేర్వేరు సమస్యలు.

అన్ని రంధ్రాలూ ఒకే దిక్కుకి, ఒకే దూరం జరిగాయంటే ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) తేడా. క్యామ్ మేనేజర్‌లో (తయారీ ఫైళ్లు తీసే చోటు) గెర్బర్ సెటప్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘సెంటర్ ప్లాట్స్ ఆన్ ఫిల్మ్’ టిక్ తీసేయండి. అది ఉంటే గెర్బర్లను ఫిల్మ్ మధ్యలోకి జరుపుతుంది, డ్రిల్‌ని మాత్రం ఉన్నచోటే ఉంచుతుంది.

వెంట్రుకవాసి తేడాకి కారణం ఫార్మాట్. ఇంచుల్లో 2:3 (దశాంశ బిందువుకి ముందు 2, తర్వాత 3 అంకెలు) పెడితే కొలత 1 మిల్ (ఇంచులో వెయ్యో వంతు), అంటే 25.4 మైక్రాన్ల దగ్గర గుండ్రం అయిపోతుంది. పాత బోర్డులో అంతా 100 మిల్ గ్రిడ్ కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. మీ కొత్త రిలే మిల్లీమీటర్ పిచ్ అయి ఉంటుంది. ఉదాహరణకి 5 మి.మీ. అంటే 196.85 మిల్, అది 197 అవుతుంది. 2:4 పెట్టండి, 0.1 మిల్ దాకా వస్తుంది. ఎన్‌సీ డ్రిల్‌లోనూ అదే 2:4 ఇవ్వాలి. గెర్బర్ ఒకటి, డ్రిల్ ఇంకొకటి ఇస్తే కొన్ని వ్యూయర్లలో రంధ్రాలు పది రెట్లు దూరంగా చెదిరిపోయి కనిపిస్తాయి.

అపెర్చర్లు (ప్యాడ్‌లు, గీతల ఆకారం, సైజుల జాబితా) గెర్బర్‌లోనే ఉండేలా ‘ఎంబెడెడ్ అపెర్చర్స్’ టిక్ చేయండి, ఆర్ఎస్-274ఎక్స్ అంటే అదే. లేకపోతే ఏపీఆర్ ఫైల్ విడిగా పంపాలి, ఈ రోజుల్లో దాన్ని ఎవరూ కోరుకోరు. ఎఫ్9 నొక్కాక ఫైళ్లు డిస్క్ మీదికి రావు, డీడీబీ లోపల ‘క్యామ్ ఫర్’ అని మొదలయ్యే ఫోల్డర్లో పుడతాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయాలి. సెట్టింగ్ మార్చాక పాత ఎక్స్‌పోర్ట్‌నే మళ్లీ జిప్ చేసి పంపడం తరచుగా జరిగేదే, టైం చూసుకోండి.

డ్రిల్ ఫైల్ ఎక్స్‌టెన్షన్ టీఎక్స్‌టీ. ఏదో నోట్స్ అనుకుని జిప్‌లోంచి తీసేస్తుంటారు. బోర్డు అంచు కీపౌట్ లేయర్‌లో (రాగి దాటకూడని హద్దు గీసే పొర) గీసి ఉంటే, జీకేఓ ఫైలే ఔట్‌లైన్ అని ఫ్యాబ్ వాళ్లకి ఒక ముక్క రాయండి.

నాలుగుపొరలు:
ఇదంతా బాగుంది గానీ, ఈ కార్డు ఇంకా ఏళ్ల తరబడి నడవాలంటే 99 ఎస్‌ఈలోంచి బయటికి తేవడమే మేలు. ఉచిత బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కికాడ్ డీడీబీని నేరుగా తెరవదు. దారి ప్రోటెల్ వారసుడైన ఆల్టియం మీదుగా: ఇంపోర్ట్ విజార్డ్‌లో ‘99ఎస్ఈ డీడీబీ ఫైల్స్’ ఎంచుకోండి. అది జాబితాలో లేకపోతే ఎక్స్‌టెన్షన్స్ అండ్ అప్‌డేట్స్, కాన్ఫిగర్‌లో ఆ ఇంపోర్టర్‌కి టిక్ పెట్టాలి. ట్రయల్ లైసెన్స్ చాలు. అలా వచ్చిన కొత్త బోర్డు, స్కీమాటిక్ ఫైళ్లను కికాడ్ తీసుకుంటుంది.

విజార్డ్ మధ్యలో జంక్షన్ల గురించి అడుగుతుంది. నాలుగు వైర్లు కలిసేచోట ఉన్న చుక్కలను లాక్ చేయమని చెప్పండి. లేకపోతే అక్కడి కనెక్షన్ ఉందో తెగిందో ఒక్కొక్కటీ చూసుకోవాలి. బోర్డు ఆకారం కూడా కీపౌట్ గీతల్ని సెలెక్ట్ చేసి, బోర్డ్ షేప్‌ని వాటి నుంచి నిర్వచించాలి.

నెట్‌లిస్ట్:
10 బోర్డులకి, ఒక్క రిలేకి కన్వర్షన్ వద్దు. కన్వర్ట్ చేశాక ప్రతి ప్యాడ్, ప్రతి పాలిగన్ కొత్తగా తనిఖీ చేయాలి. ఈ బ్యాచ్ 99 ఎస్‌ఈ గెర్బర్లతోనే చేయించండి. కన్వర్షన్ తీరిగ్గా విడిగా చేసుకోండి.

చేసేటప్పుడు ఒక పరీక్ష తప్పనిసరి. 99 ఎస్‌ఈలో డిజైన్ మెనూ నుంచి ప్రోటెల్ ఫార్మాట్ నెట్‌లిస్ట్ (ఏ పిన్ దేనికి కలిసిందో చెప్పే జాబితా) తీయండి. ఆల్టియంలో కూడా అదే ఫార్మాట్‌లో తీయండి. నెట్ల వరుస మారి ఉండొచ్చు కాబట్టి రెండింటినీ సార్ట్ చేసి, ఫైళ్లు పోల్చే విన్‌మెర్జ్‌లో పోల్చండి. పేరు పెట్టని నెట్లకు పేర్లు మారడం మామూలే. ఒక నెట్ రెండుగా చీలితే మాత్రం జంక్షన్ పోయినట్టు.

పాతకార్డు:
2:4తో, సెంటర్ టిక్ తీసి మళ్లీ తీశాను. రంధ్రాలు, ప్యాడ్‌లు సరిగ్గా కూర్చున్నాయి. ఇదే మెషీన్ డిస్‌ప్లే కార్డుకి ఇంకా పాతదైన, ప్రోటెల్ వాళ్ల డాస్ ప్రోగ్రామ్ ఆటోట్రాక్స్‌లో చేసిన పీసీబీ ఫైల్ ఉంది. ఆ ప్రోగ్రామ్ విండోస్ 11లో అసలు తెరుచుకోవట్లేదు.

పొడిటంకం:
64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు. ఆటోట్రాక్స్‌ని డాస్‌బాక్స్ (పాత డాస్ కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్)లో నడపండి. ఆల్టియం దాన్ని ఫ్రీవేర్‌గా వదిలేసింది. చూడటానికి, చిన్న మార్పులకి అది కూడా అక్కర్లేదు: ఆ ఫైల్‌ని 99 ఎస్‌ఈలో కొత్త డీడీబీ చేసి ఇంపోర్ట్ చేస్తే తెరుచుకుంటుంది. తెరవగానే లేయర్లు, రంధ్రాల సైజులు ఒరిజినల్ ప్రింట్‌తో పోల్చి చూసుకోండి. ప్రింట్ లేకపోతే పాత బోర్డు మీదే వెర్నియర్ పెట్టి కొలవండి.