లైకులు వస్తున్నాయి, ఆర్డర్లే రావట్లేదు. ఏం మార్చాలి?

దారంబంతి:
అందరికీ నమస్తే. ఇంట్లోనే క్రోషేతో బొమ్మలు, చిన్న బ్యాగులు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను, మొదలుపెట్టి 8 నెలలైంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, పింటరెస్ట్ నాలుగింట్లోనూ ఖాతాలు తెరిచి రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాను. ఇన్‌స్టాలో 1,400 మంది ఫాలోవర్లు, బొమ్మ ఫొటో పెడితే "ముద్దొస్తోంది" అని కామెంట్లు కూడా బాగానే వస్తాయి, కానీ ఆర్డర్లు మాత్రం నెలకు మూడో నాలుగో, అవీ ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే. రెండుసార్లు బూస్ట్ కూడా చేశాను, అంటే పోస్టు ఎక్కువమందికి కనపడేలా డబ్బులు పెట్టాను, లైకులు పెరిగాయి తప్ప ఒక్కరూ కొనలేదు. ధర పోస్టులో రాయను, మెసేజ్ చేయమంటాను, అలా అయితే మాటలు కలుస్తాయని ఎవరో చెప్పారు. ఒక్కో బొమ్మకి రెండు రోజులు పడుతుంది, ఆ అల్లే టైమంతా ఇప్పుడు పోస్టులకే పోతోంది. ఇంట్లోవాళ్లు ఏమీ అనట్లేదు కానీ నాకే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి, ఏమీ అనుకోను.

మైనంఒత్తి:
మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల కిందటి నా పరిస్థితి గుర్తొచ్చిందండి. నేను కొవ్వొత్తులు చేసి అమ్ముతాను. ముందు ఆ ధర సంగతి చూడండి. మెసేజ్ పెట్టి ధర అడగడానికే చాలామందికి మొహమాటం, అడిగాక వద్దని చెప్పడానికి ఇంకా మొహమాటం, అందుకే నచ్చినా ఒక లైక్ కొట్టి వెళ్లిపోతారు. నేను ధర, సైజు, ఎన్ని రోజుల్లో చేరుతుంది అన్న మూడూ పోస్టులోనే రాయడం మొదలుపెట్టాక మెసేజ్‌లు తగ్గాయి, కానీ వచ్చినవాళ్లు కొనడానికే వచ్చారు.

రెండోది, ఒక్క మనిషి నాలుగు చోట్ల రోజూ ఉండలేరు. మీకు ఎక్కడ పలకరింపులు ఎక్కువో అక్కడే ఉండండి, నేనైతే ఇన్‌స్టా ఉంచుకుని యూట్యూబ్ వదిలేస్తాను. పింటరెస్ట్ మాత్రం మూయకండి. అక్కడికి జనం వెతుక్కుంటూ వస్తారు, ఇవాళ పెట్టిన పిన్ (అక్కడ పోస్టుని అలాగే అంటారు) నెలల తర్వాత కూడా ఎవరో ఒకరికి దొరుకుతుంది. ఇన్‌స్టా స్టోరీ 24 గంటల్లో పోతుంది. కాబట్టి పింటరెస్ట్‌లో పూర్తయిన బొమ్మ ఫొటో, కింద "క్రోషే కుందేలు బొమ్మ, చిన్న పిల్లలకి బహుమతి" అని మనుషులు వెతికే మాటలు, ఒక లింకు, వారానికి రెండు పెట్టి వదిలేయండి.

ఇక ఏం చూపించాలి అన్నది అసలు విషయం. మీరు అయిపోయిన బొమ్మనే చూపిస్తున్నారు, చూసేవాళ్లకి అది ఫ్యాక్టరీలో చేసిందో చేత్తో చేసిందో తెలియదు. నేను ఒకసారి కప్పు మీద రెండు పుల్లలు అడ్డం పెట్టి, వాటి మధ్య ఒత్తిని నిలబెట్టి, మైనం పోసి, అది అంచుల నుంచి తెల్లబడుతూ లోపలికి గట్టిపడటం వీడియో తీశాను. పాట పెట్టలేదు, గిన్నె చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పటిదాకా నాకు బొత్తిగా తెలియనివాళ్లు కొన్నది ఆ వీడియో చూసే. మీరు బొమ్మకి కళ్లు పెట్టే క్షణం తీయండి. అంతదాకా ఊలు ముద్దలా ఉన్నది ఒక్కసారిగా మనవైపు చూస్తుంది కదా, అది తీయండి.

పగటివెలుగు:
పై మాటలన్నీ నిజమే, బూస్ట్ గురించి ఒక్కటి చేరుస్తాను. బూస్ట్ నొక్కగానే మీకేం కావాలో అడుగుతుంది: ప్రొఫైల్ చూడాలా, వెబ్‌సైట్‌కి వెళ్లాలా, మెసేజ్‌లు రావాలా అని. మీరు అడిగిన పని చేసే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్లకే అది చూపిస్తుంది, ప్రొఫైల్ అని పెడితే చూసిపోయేవాళ్లే వస్తారు. అసలు ఊరికే పెట్టినప్పుడు నడవని పోస్టు మీద డబ్బు పెట్టకండి. ఇన్‌స్టా ప్రొఫెషనల్ ఖాతాలో ఇన్‌సైట్స్ (పోస్టు ఎలా నడిచిందో చెప్పే లెక్కలు) కనపడతాయి, అందులో లైకులు కాదు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నవి చూడండి. కొత్తవాళ్లకి చేరడానికి ఇలా పంపడమే ఎక్కువ పనికొస్తుందని ఇన్‌స్టా అధిపతి ఆడమ్ మొస్సేరి కూడా చెప్పారు. "ఇది అక్కకి చూపించాలి" అనిపించేలా ఉండాలి పోస్టు.

కాగితంపని:
పోస్టుల కన్నా ముందు మీ దగ్గర ఒకసారి కొన్నవాళ్లని చూసుకోండమ్మా. 8 నెలలంటే పాతికమందైనా ఉంటారు. నేను చేత్తో కుట్టిన నోటు పుస్తకాలు అమ్ముతాను, నా ఆర్డర్లలో సగం పైన రెండోసారి కొనేవాళ్లవే. వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, ఉచితమే. అందులో క్యాటలాగ్ ఉంటుంది, ఎవరు డబ్బు కట్టారు, ఎవరిది పంపాలి అని లేబుల్ పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపడం) ఒక లిస్టులో 256 మందికి వెళ్తుంది, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అందుకని పార్సిల్‌లో చిన్న చీటీ పెట్టి నంబరు సేవ్ చేసుకోమనండి. వాళ్లు సరేనంటేనే లిస్టులో కలపండి, నెలకు రెండుసార్లకి మించి పంపకండి.

ఇంకో సంగతి, ఇది నాకు జరిగింది. మీ పోస్టు కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో ఖాతా పోతుంది అని ఒక మెసేజ్ వచ్చింది. కంగారులో లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేశాను. మర్నాటికి ఖాతా నా చేతిలో లేదు, మూడేళ్ల ఫొటోలు, ఫాలోవర్లు అన్నీ పోయాయి. కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకుని ఉండబట్టి మళ్లీ మొదలుపెట్టగలిగాను. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగేది) ఇవాళే ఆన్ చేయండి, రేపటికి ఉంచకండి.

దారంబంతి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నిన్న రాత్రి కూర్చుని ఇప్పుడు నా దగ్గర ఉన్న 9 బొమ్మల పోస్టుల్లోనూ ధర రాశాను, వెరిఫికేషన్ కూడా ఆన్ చేశాను. పాత పోస్టులు తిరగేస్తుంటే "ఎంత?" అని అడిగిన కామెంట్లు 31 కనపడ్డాయి, అన్నిటికీ ఇన్‌బాక్స్ చూడండి అని రాసి ఉంది, అక్కడితో మాట ఆగిపోయింది. చూస్తే ఏడుపొచ్చింది. అందరికీ ఇప్పుడు ధర చెప్పి మెసేజ్ పెట్టాను, ఒకావిడ ఏనుగు బొమ్మ ఇంకా ఉందా అని అడిగారు. కళ్లు పెట్టే వీడియో ఇవాళ తీయాలనుకుంటున్నాను, కానీ రెండు చేతులూ పనిలో ఉంటాయి కదా, ఫోన్ దేనికి ఆనించాలి?

మైనంఒత్తి:
స్టాండ్ కొనక్కర్లేదు. బల్ల మీద రెండు వైపులా పుస్తకాలు ఒకే ఎత్తుకి పేర్చి, వాటి మీద అడ్డంగా వెడల్పాటి చెక్క స్కేలు పెట్టి, దాని మీద ఫోన్ స్క్రీన్ పైకి ఉండేలా పెట్టండి, వెనక కెమెరా మాత్రం స్కేలు బయటికి రావాలి. ఫోన్ జారకుండా రబ్బరు బ్యాండు వేయండి. కిటికీ మీ ఎడమ పక్కన ఉండాలి, కుడి చేత్తో అల్లుతారు కాబట్టి నీడ బొమ్మ మీద పడదు. ముందు పది సెకన్లు తీసి చూసుకుని తర్వాత మొదలుపెట్టండి. ఆ ఏనుగు ఆవిడకి కూడా ఈ వీడియోనే పంపండి.