బి12 ఇంజెక్షన్లు జీవితాంతమా? పెర్నీషియస్ ఎనీమియా ఉన్నవారు చెప్పండి

వేకువ:
రెండేళ్లుగా నీరసం. ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నాను, మెట్లెక్కితే ఆయాసం మాత్రం తగ్గలేదు. నాలుక నున్నగా ఎర్రబడి మండుతోంది. ఆరు నెలలుగా అరికాళ్లలో తిమ్మిరి. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే తూలిపోతున్నాను. ఒక చేతితో సింకు పట్టుకోవలసి వస్తోంది. ఇప్పటికి బి12 చూశారు: 118, తక్కువట. ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు పరిమాణం, 112, అది ఎక్కువట. మాంసం, గుడ్లు, పాలు అన్నీ తింటాను, మరి లోపం ఎలా వచ్చినట్టు? పెర్నీషియస్ ఎనీమియా అయితే జీవితాంతం ఇంజెక్షన్లే అంటున్నారు డాక్టరుగారు.

నిదానం:
నేను పదకొండేళ్లుగా ఇంజెక్షన్ల మీదే ఉన్నానండి. ఇది తిండి తెచ్చిన లోపం కాదు. కడుపు గోడలోని కణాలు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. దాని తోడు ఉంటేనే బి12 చిన్నపేగు చివరన రక్తంలోకి చేరగలదు. మన రోగనిరోధక వ్యవస్థే ఆ కణాలను దెబ్బతీస్తే ఎంత తిన్నా ఒంటికి పట్టదు, అదే పెర్నీషియస్ ఎనీమియా. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక సంగతి చాలాకాలం బయటపడదు. ఈలోగా మా ఇంట్లో నాకు బద్ధకమని తీర్పు చెప్పేశారు!

గాజుపలక:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్ష అడగండి. పాజిటివ్ వస్తే దాదాపు ఖాయం. నెగెటివ్ వచ్చిందని మాత్రం నిశ్చింతగా ఉండకండి, జబ్బు ఉన్నవారిలో కూడా సుమారు సగం మందిలోనే అది కనిపిస్తుంది. పెరైటల్ కణాల (నిదానంగారు చెప్పిన ఆ కడుపు గోడ కణాల) యాంటీబాడీ ఇంకా ఎక్కువ మందిలో ఉంటుంది కానీ, ఈ జబ్బు లేనివారిలోనూ ఉండవచ్చు. రక్తం ఇంజెక్షన్‌కు ముందే ఇవ్వండి, తరువాత ఇస్తే ఫలితాలు తారుమారు కావచ్చు. అలాగని రిపోర్టు కోసం చికిత్స ఆపుకోవద్దు. మీకు నరాల లక్షణాలున్నాయి, ఆలస్యమైతే కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

చిరుగాలి:
ఎంసీవీ పెరగడం మీ అదృష్టమే అనుకోండి. నాది 88, చక్కగా నార్మల్. నాకు ఐరన్ లోపం కూడా ఉంది. అది ఎర్రకణాలను చిన్నవి చేస్తే బి12 లోపం పెద్దవి చేసింది, సగటు తీస్తే అంతా సవ్యంగా కనిపించింది. బి12 కూడా ల్యాబ్ హద్దుల్లోనే ఉంది. చివరికి, బి12 చాలనప్పుడు రక్తంలో పేరుకునే మిథైల్‌మలోనిక్ ఆమ్లం ఎక్కువగా ఉందని తేలాక గాని నా మాట ఎవరూ నమ్మలేదు. అప్పటికి మూడేళ్లు గడిచాయి.

వేకువ:
బంధువు ఒకరు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. రక్తం పడుతుందట. వేసుకోవచ్చా?

నిదానం:
బి12 మొదలుపెట్టకుండా వద్దండి. రక్తం పడుతుంది, నిజమే. నరాలు మాత్రం లోలోపల పాడవుతూనే ఉంటాయి. 1945లో మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాక, ఈ జబ్బుకూ అదే మందు అవుతుందేమోనని వైద్యులు ఆశపడ్డారు. రోగుల రక్తం మెరుగైంది, నరాలు మెరుగుపడలేదు. అంతకుముందు రోగుల చేత రోజూ కాలేయం తినిపించేవారు. ఆ చికిత్సకే మైనాట్, మర్ఫీ, విపుల్‌లకు 1934లో నోబెల్ వచ్చింది. ఆ పాట్లతో పోలిస్తే సూది ఎంతో నయం.

సూదిభయం:
నేను మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకపోయినా నోటి మోతాదులో సుమారు ఒక శాతం దానంతటదే లోపలికి చేరుతుంది. అందుకే రోజుకు 1000 నుంచి 2000 మైక్రోగ్రాములు ఇస్తారు. ఒక్కరోజు కూడా మరవకూడదు.

నిదానం:
మీకు సరిపోయింది, సంతోషం. కానీ తూలి పడుతున్న మనిషికి ముందు ఇంజెక్షన్లే కావాలని నా అభిప్రాయం. నాకు హైడ్రాక్సోకోబాలమిన్ (బి12లో ఒక రకం) 1000 మైక్రోగ్రాములు రోజు విడిచి రోజు ఇచ్చారు, నడక మెరుగవుతున్నంత కాలం. ఇప్పుడు రెండు నెలలకు ఒకటి. సయనోకోబాలమిన్ అనే ఇంకో రకం అయితే సాధారణంగా నెలకొకటి. మధ్యలో బి12 అంకె బాగుందని ఒకరు ఆపేయమన్నారు. మందు పడుతున్నప్పుడు అంకె బాగుండక ఏమవుతుంది?

గాజుపలక:
రక్తహీనత తీవ్రంగా ఉంటే మొదటి రోజుల్లో పొటాషియం పడిపోవచ్చు, అది కూడా చూపించుకోండి. థైరాయిడ్ కూడా. ఎండోస్కోపీ సంగతి డాక్టరుగారితో మాట్లాడండి.

వేకువ:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. యాంటీబాడీ పాజిటివ్. మొదటి ఇంజెక్షన్ వేసిన వారానికే రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) బాగా పెరిగాయి. హిమోగ్లోబిన్‌కు రెండు నెలల దాకా పట్టవచ్చట. నాలుక మంట పోయింది. తిమ్మిరి మాత్రం మొదట ఇంకాస్త ఎక్కువై భయపెట్టింది, ఇప్పుడిప్పుడే సర్దుకుంటోంది. ముఖం కడుక్కునేటప్పుడు సింకు ఇంకా వదల్లేదు, పట్టు కాస్త సడలించానంతే.