రంగు ‘పూశాడా’, ‘మెత్తాడా’?

రాజమండ్రి నుంచి: జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే పూల చిత్రాల మీద వ్యాసం సిద్ధమవుతోందండి. ‘గసగసాల పూలకు ఎర్రరంగు పూశాడు’ అని ఒకరు రాస్తే, ‘మెత్తాడు’ అనాలని ఇంకొకరు దిద్దారు. ఏది ఉంచమంటారు?

అమలాపురం నుంచి: నూనెరంగుల బొమ్మయితే ‘మెత్తాడు’ అనే ఉంచండి. ఒంటికి గంధం పూస్తాం, గోడకు సున్నం పూస్తాం; ఆ పూతకు మందం ఉండదు. మట్టి మెత్తిన గోడ మీద వేళ్ల జాడ ఉండిపోతుంది. నోల్డే కాన్వాసు మీద కుంచె జాడ అలాగే గట్టు కట్టి కనిపిస్తుంది. 1906లో డ్రెస్డెన్ చిత్రకారుల ‘బ్రూకె’ బృందంలో చేరి మరుసటి ఏడే బయటికొచ్చేసినా, ఆయన చేయి మాత్రం కంటికి కనిపించింది కాక మనసుకి తోచింది వేసే అభివ్యక్తివాదుల చేయే: రేకులు లెక్కపెట్టదు, ఎరుపుని ఎరుపుగా మండిస్తుంది. ‘పులిమాడు’ వద్దు, అందులో అజాగ్రత్త ధ్వనిస్తుంది. ‘అద్దాడు’ అంటే ఆనించి తీసేయడమే.

కడియం నుంచి: ‘పూత’ని అంత తేలిగ్గా వదలకండి. మామిడికి వచ్చేదీ పూతే, గోడకు వేసేదీ పూతే. చెట్టు పూసింది, చేయి రంగు పూసింది. పూల బొమ్మ గురించి రాసేవాళ్లకి ఇంత చక్కటి మాట ఇంకెక్కడ దొరుకుతుందండి! కాకపోతే ‘పూత రాలింది’ అంటే ఇక్కడ అందరికీ మామిడే తోస్తుంది. రంగయితే ‘పెచ్చులూడింది’ అనండి. నూనె ఎక్కువున్న పొర ఆరకుండానే దాని మీద తొందరగా ఆరే పలచటి పొర వేస్తే, పైది బిగుస్తుంది, కిందది ఇంకా కదులుతుంది. ముందు బీటలు, తర్వాత పెచ్చులు.

నరసాపురం నుంచి: ఆ గసగసాలు నీటిరంగులవి కావు కదా, చూసుకోండి. నీటిరంగుల పూలయితే నోల్డే చెమ్మ పట్టించిన జపాను కాగితం మీద వేసేవాడు. అక్కడ పూయడమూ లేదు, మెత్తడమూ లేదు. మడిలో నీరులా రంగు పారుతుంది. కాగితం మీద నీరు మెరుస్తుంటే రంగు తేలి వెలిసిపోతుంది. మెరుపు పోయి, తాకితే చల్లగా ఉన్నప్పుడు పెడితే అంచు మెత్తగా పాకుతుంది. సగం ఆరాక మళ్లీ నీటి చుక్క పడిందా, రంగుని పక్కకు తోసి గరుకు అంచు కడుతుంది. ‘తడి’ అనకుండా ‘చెమ్మ’ అనే రాయండి, తేడా అంతా అందులోనే ఉంది.

రాజమండ్రి నుంచి: చూశామండి, రెండు రకాలూ ఉన్నాయి. నూనెచిత్రం దగ్గర ‘ఎరుపు మెత్తాడు’, నీటిరంగు దగ్గర ‘ఎరుపు పారనిచ్చాడు’ అని మార్చాం. ‘పూత’ శీర్షికలోకి వెళ్లింది.